కరెంటు పోకుండా చేశాను

మా బాపు కట్టిన ఇంటికి కరెంటు వచ్చినప్పుడు అందులో వెలిగినవి బల్బులు మాత్రమే. తర్వాత ఒక రేడియో, ఒక ఫ్యాను వచ్చాయి. వైరింగు కూడా ఆ లెక్కకే చేశారు. మట్టిగోడల మీద టేకు పట్టీలు, వాటి మీద సన్నటి అల్యూమినియం వైరు, నల్లటి గుండ్రటి స్విచ్చులు, దర్వాజ పక్కన చెక్క బోర్డు మీద ఫ్యూజు తీగ బిగించే పింగాణీ కిట్‌క్యాట్లు. మా ఊరు రుద్రూర్‌లో ఆ కాలపు ఇళ్లు చాలావరకు ఇలాగే ఉండేవి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు పైసలు వచ్చిన ఏడు పెంకు మార్చాం, ఇంకో ఏడు గచ్చు చేయించాం. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తీసేసి వరిలోకి వచ్చాం, ఇంటి మరమ్మతులు వెనకబడ్డాయి. కానీ పైసలున్న ఏళ్లలో కూడా గోడ మీది వైరు వంక నేను చూడలేదన్నది నిజం. కరెంటు ఉందంటే అంతా బాగున్నట్టు, పోయిందంటేనే ఏదో చెడినట్టు నమ్మేవాణ్ని. ఆ నమ్మకంతో ఏమేం చేశానో రాస్తున్నాను.

ఫ్రిజ్ వచ్చింది, కూలర్ వచ్చింది, నీళ్లకు అర హార్స్‌పవర్ మోటరు పెట్టాం. అన్నీ ఆ పాత వైరు మీదే. ఎండాకాలంలో కూలరు, మోటరు కలిసి నడిస్తే ఫ్యూజు ఎగిరేది. విసుగొచ్చి ఒకనాడు మోటరు వైరు ముక్క ఒలిచి, అందులోని రాగి పోగులు నాలుగైదు కలిపి మెలిపెట్టి కిట్‌క్యాట్‌లో బిగించాను. ఇక ఎగరలేదు. గొప్ప పని చేశాననుకున్నాను. మా గల్లీలో ఎవరింట్లో ఫ్యూజు ఎగిరినా నన్నే పిలిచేవాళ్లు, వాళ్లకూ అదే రాగి చుట్టి ఇచ్చాను.

ఫ్యూజు తీగను సన్నగా పెట్టేది గోడ మీది వైరు కన్నా ముందు అది కరగాలని. వైరులో కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. కరగాల్సినదాన్ని కరగకుండా చేశాను కాబట్టి ఆ వేడంతా గోడ మీది వైరు మోసింది. దాని వెనక టేకు, పైన దూలాలు, కింద వడ్ల బస్తాలు. బస్తాల కోసం వచ్చే ఎలుకలు వైరునూ కొరుకుతాయి. ఒక రాత్రి చెక్క బోర్డు మాడి వాసన వచ్చింది. ఇంటామెకు మెలకువ వచ్చింది కాబట్టి మెయిన్ తీసేశాం. నేనైతే నిద్రలోనే ఉన్నాను.

అప్పుడు కొత్త బాక్సు పెట్టించాను. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీలతో పాటు, వైరింగు చేసే పిల్లగాడు పట్టుబట్టి ఆర్‌సీసీబీ కూడా పెట్టాడు. పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, అంటే అంత కరెంటు ఇంకో దారిన భూమిలోకి పోతోందంటే, సెకనులో మూడో వంతు కూడా ఆగకుండా మీట దించేస్తుంది. ఎంసీబీకి ఈ పని చేతకాదు. పాత 40 వాట్ల బల్బు తీసుకునే కరెంటు దాదాపు 170 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంత కూడా అక్కర్లేదు. తడి చేతుల మనిషి గుండా ఆ కరెంటు పోతుంటే, 16 ఆంపియర్ల ఎంసీబీకి ఎక్కడో ఒక బల్బు వెలిగినట్టే లెక్క. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి.

కొన్నాళ్లకు ఇంట్లో పెళ్లి, నిండా చుట్టాలు, ఆ సాయంత్రం పెద్ద వాన. ఆర్‌సీసీబీ పడిపోయింది. ఎత్తితే మళ్లీ పడింది. పిల్లగాణ్ని పిలిపించాను.

"కాకా, లీకేజీ ఉన్నట్టుంది. ఒక్కో లైను ఇప్పి చూడాలె" అన్నాడు.

"చూసుడు తర్వాత. ముందు డైరెక్టు కలుపు" అన్నాను.

"వద్దు కాకా" అన్నాడు. నేను గొంతు పెంచాను. పెద్దవాణ్నని నా మాట కాదనలేక ఆర్‌సీసీబీని తప్పించి కలిపాడు. పెళ్లి అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు, ఆ డైరెక్టు కలిపింది అలాగే ఉండిపోయింది. ఇక కరెంటు పోవడం లేదని సంతోషపడ్డాను.

ఆ తర్వాతి ఎండాకాలం "కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటున్నది, జర చూపియ్యి" అని ఇంటామె చాలాసార్లు చెప్పింది. చెప్పులేసుకుని నీళ్లు పొయ్యమన్నాను. టెస్టరు పెట్టి చూస్తే కూలర్ రేకు మీద వెలిగింది. కళ్లారా చూసి కూడా నేను అన్నది అదే మాట. నేను చేసినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది. తెలియక చేసినవి వేరు. ఇది నా ఎదుట వెలిగింది.

2022 జూలైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలు ఆరేసే దండేనికి కరెంటు పాకి ఒకే ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. పేపరులో ఆ వార్త చదివి లేచి వాకిట్లోకి వెళ్లాను. మా దండెం కూడా ఇనుప తీగే. దాని ఒక కొస కట్టి ఉన్నది సర్వీసు వైరు దిగే ఇనుప పైపుకే. తడి చీరలు దాని మీదే ఉన్నాయి. మెయిన్ దించి, ఆ తీగ కోసేసి పిల్లగాడికి ఫోను చేశాను.

ఈసారి అతను చెప్పినట్టే అన్నీ విప్పించాను. పాత పట్టీ మీది వైరును వేళ్ల మధ్య వంచితే పైతొడుగు ఎండిన ఉల్లిపొట్టులా రాలిపోయింది. కొత్త రాగిని పాత అల్యూమినియంతో మెలేసిన ప్రతి చోటా తెల్లటి పొడి, చుట్టూ నల్లగా మాడిన టేపు. ఈ రెండు లోహాలను నేరుగా కలిపితే చెమ్మకు అతుకు తినేస్తుంది, వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది. కూలర్‌లో నీళ్లు పైకెక్కించే చిన్న మోటరు లోపల చుట్ట పాడై, దాని కరెంటు నీళ్లకూ రేకుకూ పాకుతోంది. పెళ్లినాడు మీట దించినదీ ఇదే. నేను తప్పుపట్టిన పెట్టె నిజమే చెప్పింది.

ఎర్త్ సంగతి ఇంకా అన్యాయం. బాపు కాలంలో ఎర్త్ వైరును నల్లా ఇనుప పైపుకు చుట్టారు. తుప్పు పట్టిందని నేనే ఆ పైపు తీసేసి ప్లాస్టిక్‌ది వేయించాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ ప్లగ్గులోనూ మూడో కన్నానికి ఎర్త్ లేదు. కొందరు ఆ కన్నానికి న్యూట్రల్ కలిపి సరిపెడతారు. అది మరీ ప్రమాదం. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ తలుపు దగ్గర్నుంచి అన్నిటికీ కరెంటు ఎక్కుతుంది. ఇప్పుడు పెరట్లో 8 అడుగుల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపించాం. మాది నల్లరేగడి. తడి ఉన్నంతకాలం ఎర్త్‌కు మంచి నేల, ఎండాకాలం నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది. అందుకే చలికాలం పోగానే ఆ గుంతలో నీళ్లు పోస్తున్నాం. లైట్లకు 1.5, పెద్ద ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశాం. దండేనికి నైలాన్ తాడు, దాని గుంజలు వేరు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే మీట పడాలి. పడలేదంటే అది ఉన్నా లేనట్టే. ఇంటామె నెలనెలా నొక్కి చూస్తుంది.

మిగిలింది గల్లీలో నేను రాగి చుట్టిపెట్టిన ఇళ్లు. ఒక్కో ఇంటికీ వెళ్లి, అప్పుడు నేను చేసింది తప్పని చెప్పి, అసలు ఫ్యూజు తీగ వేయించి వస్తున్నాను. చివరి ఇంటి పెద్దాయన ఒప్పుకోలేదు. "మంచిగ నడుస్తున్నది గదరా, ఎందుకు ఇప్పుడు?" అంటాడు. ఆ మాట నేర్పింది నేనే. బోర్డు ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాక, వరికోతలు కాగానే మార్పిద్దామన్నాడు. అప్పటిదాకా కూలరు, మోటరు ఒకేసారి వెయ్యొద్దని ఆయన కోడలికి చెప్పి వచ్చాను.