ఫారం వస్తుందండీ, ఆయ్!

మా వైపు ఫారం అంటే కోళ్లదే. అందుకే మొన్న అరుగు మీద కూర్చుని "ఫారం పదహారు ఇంకా రాలేదు బాబాయ్ గారూ" అని నిట్టూరిస్తే, ఎదురింటి బాబాయ్ గారు ఉలిక్కిపడి, "ఒరేయ్, మిగతా పదిహేను ఎప్పుడు పెట్టావురా? చెప్పనే లేదు!" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టలేం. కోనసీమలో కొబ్బరితోట ఉన్న మనిషి. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వెయ్యదు. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి వాళ్ల ముత్తాతలకు నీళ్లిచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1860 జులై 24న, జేమ్స్ విల్సన్ అనే మరో దొర మాలాంటి జీతగాళ్లకు ఆదాయపు పన్నిచ్చాడు. ఆగస్టు 11న కలకత్తాలో పోయాడు పాపం. పన్ను కూడా 1865లో పోయిందిగానీ, దొరలా కాదు, మళ్లీ తిరిగొచ్చింది.

జీతం వారం ఆలస్యమైన నెలలో కూడా నాకు టీడీఎస్ కోత, అంటే జీతంలోంచి ముందే కోసే పన్ను, పైసా తగ్గలేదు. కోశామని రాసిచ్చే కాగితం, అదే ఆ ఫారం 16, దాని దగ్గరే మా సంస్థకు చెయ్యి రాదు.

ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జీతగాడికీ మూడున్నాయి. మే 31లోగా సంస్థ ఆఖరి మూడు నెలల టీడీఎస్ లెక్క దాఖలు చెయ్యాలి. జూన్ 15లోగా ఫారం 16 మన చేతిలో పెట్టాలి. జులై 31లోగా మనం రిటర్ను వెయ్యాలి (2025లోలా సర్కారు గడువు పెంచితే అది మన అదృష్టం). మొదటి రెండు హెచ్చరికలు దాటినా మా అకౌంట్స్ సెక్షన్ గట్టు మీద కాళ్లాడిస్తూనే ఉంది. మూడోది దాటితే మునిగేది మనమే. ఆదాయం 5 లక్షలు మించితే 5,000 రూపాయల ఆలస్య రుసుము.

వెళ్లి అడిగాను. "ఆయ్, అయిపోయిందండి, సంతకమే తరువాయండి" అన్నాడు అక్కడి కుర్రాడు. సంతకం పెట్టే ఆయన హైదరాబాదులో ఉన్నారట. ఆయన దిగేసరికి ఆడిటరు గారు కాకినాడ వెళ్లారు. ఆడిటరు గారు వచ్చేసరికి సర్వరు పడుకుంది. వెళ్లిన ప్రతిసారీ కుర్చీ తుడిచి, టీ తెప్పించి, ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగాడు. మర్యాద లేకపోతే గోదావరి జిల్లా ఎందుకవుతుంది? లెక్క చూస్తే నాలుగు టీలు, ఒక పూతరేకు, సున్నా ఫారం.

ఫారం ఇవ్వకపోతే రోజుకు 500 రూపాయల జరిమానా అని చట్టంలో చదివి ఓ పూటంతా సంబరపడ్డాను. జాప్యం ఇలాగే సాగితే మేడ మీద ఇంకో గది వేద్దామని మా ఆవిడతో అన్నాను కూడా. తీరా చూస్తే ఆ 500 సర్కారుకట. కాళ్లరిగేలా తిరిగేది నేను, కూలి ఢిల్లీకి.

ఆఖరికి దారి చూపించింది మా సందు చివర ఇంటర్నెట్ సెంటరు పిల్ల. "ఆ కాగితం రిటర్నుకు జత చెయ్యక్కర్లేదు మాస్టారూ. పేస్లిప్పులు, బ్యాంకు పుస్తకం పట్టుకురండి" అంది. బిస్కెట్ల డబ్బాలోంచి పన్నెండు స్లిప్పులూ తీశాను. అక్టోబరుది ఆవకాయ నూనెకు పారదర్శకమైపోయింది, అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి. పాన్‌తో లాగిన్ అయి, నా పేర పడ్డ పన్ను చూపే 26 ఏఎస్ తెరిచింది. మూడు త్రైమాసికాల కోత వరసగా ఉంది. నాలుగోది ఖాళీ.

గుండె జారింది. కోసిన పన్ను వాళ్లు కట్టకపోయినా అది మళ్లీ మన దగ్గర వసూలు చెయ్యకూడదని 1961 చట్టంలో 205వ సెక్షన్ ఉందని ఆ పిల్లే ధైర్యం చెప్పింది. "కానీ ఇక్కడ పడకపోతే నోటీసు మీకే వస్తుందండి. ఆ స్లిప్పులు పారెయ్యకండి" అని కూడా చెప్పింది. అక్కడే కూర్చుని సంస్థకు మెయిల్ కొట్టాం, తేదీలు, అంకెలు, సెక్షన్ నంబరుతో సహా. టీ తాగుతూ అడిగితే కదలనిది రాసి అడిగితే కదిలింది. పదో రోజుకల్లా నాలుగో గడి నిండింది. స్లిప్పులు కూడి, పన్ను శాఖ దగ్గరుండే మన ఆదాయాల చిట్టా ఏఐఎస్‌లో బ్యాంకు వడ్డీ కూడా చూసి కలిపి, జులై 29న రిటర్ను వేసి, ఆధార్ ఓటీపీ కొట్టి ఇంటికొచ్చాను.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం అకౌంట్స్ కుర్రాడు ఫోన్ చేశాడు. "ఆయ్, బాగున్నారాండి? మీరు రిటర్ను వేసేశారంట కదండి. ఆ కాపీ ఒకటి పంపుతారాండి? మీ జీతం ఫైలు కనపడటం లేదండి. అది చూసి మీ ఫారం 16 తయారు చేసేద్దామనండి."