ఎదురుకట్నము

మా యింటి వసారాలో ఇరువదియేండ్లు సభ తీర్చి, సీరియళ్ల అత్తాకోడండ్ర కన్నీటినంతయు మాకు పంచిపెట్టి, కడకొక వర్షాకాలపు రాత్రి చిటుక్కుమని కన్నుమూసిన పిక్చరుట్యూబు టీవీని సాగనంపవలసివచ్చినప్పుడు, దానికెంతో కొంత వెల రాకపోదని యాశించితిని. పాత యినుమునకు ఉల్లిపాయలు తూచి యిచ్చెడి బండివాని కేక వినుచు పెరిగిన ప్రాణము గదా!

బండివాడు వచ్చి, పెండ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషివలె దాని ముందువెనుకలు పరిశీలించి, "ఫ్రిజ్జయితే కంప్రెసర్లో రాగుంటది, నేనే డబ్బులిస్తాను సార్. ఈ డబ్బాకు మీరే రెండొందలివ్వాలి" అనెను. కన్యాశుల్కమునకు చేయిచాచి కూర్చున్న తండ్రిని వరకట్నమడిగినట్లయినది.

వాని లెక్క అబద్ధమని యనలేను. ఆ గాజుబుడ్డిలో సీసము కలిసియుండును గనుక దానిని ముట్టువాడు లేడు; తీగలలోని పిడికెడు రాగికొరకు ఊరిబయట నెవడో ప్లాస్టిక్కును కాల్చి, ఆ పొగను తానే మ్రింగవలెను.

ఇతర దేశముల యాచారము లెట్లున్నవో విచారించితిని. జపానువారు 2001 నుండి, టీవీని పారవేయువాడే రుసుము చెల్లింపవలెనని శాసించిరట. స్విట్జర్లాండువారు మరింత ముందుచూపు గలవారు; వస్తువును కొన్ననాడే దాని యంత్యక్రియలకు చందా పుచ్చుకొందురు, అనగా బారసాలనాడే పాడెకు వెదురు కొనిపెట్టుట. మనవారు 2011లో నియమములు వ్రాసి, 2022లో తిరుగవ్రాసి, భారమును తయారీదారుని నెత్తిన పెట్టిరి. ఇదియే నాకు న్యాయముగా తోచుచున్నది: మరచుట్టు బిగించుటయో, బంకతో అతికించుటయో నిర్ణయించువాడు వాడే, విప్పుకూలి తన జేబునుండి పోవునని యెరిగినచో బంకడబ్బా జోలికి పోడు. కాని 2024లో ఇంటి సామానునకు కిలోకు కనీసము 22 రూపాయలు చెల్లింపుడనగానే కొన్ని కంపెనీలు కోర్టుకెక్కినవి. ముప్పదికిలోల నా టీవీకి ఆ లెక్కన 660 రూపాయలు! అడుగుదమన్నచో దానిని కన్న కంపెనీ బిడ్డకంటె ముందే కాలము చేసినది. పెంపుడు తండ్రిని నేనే మిగిలితిని.

గంటసేపు బేరమాడితిని. చివరకు అటకమీది పాత మిక్సీని, మోటారులో రాగియున్నదని చెప్పి, సారెగా నిచ్చినచో టీవీని ఊరకనే తీసికొనిపోవుటకు వాడంగీకరించెను. వీథిమలుపు దాటువరకు గుమ్మములో నిలిచి, నా లోకజ్ఞానమునకు నేనే మురిసికొంటిని.

ఆ మిక్సీకి జారు మాత్రమే చెడినదనియు, కొత్త జారు తాను ముందునాడే కొని తెచ్చి గూటిలో పెట్టితిననియు, సాయంకాలము గోంగూర పచ్చడికి సన్నద్ధమగుచు మా ఆవిడ చెప్పెను.