గేటు పడిందా, ఎత్తారా, మారిందా?

శంషాబాద్ చుట్టుపక్కల ‘గేటు’ అన్న మాటకు అర్థం నిఘంటువులో దొరకదు. పక్కన ఏ తెలుగు క్రియ చేరిందో చూడాలి. ‘గేటు వేశారా?’ అంటే ఇంటిది. ‘గేటు పడింది’ అంటే రైలుది. లెవెల్ క్రాసింగ్ దగ్గర ఈ మాట వినగానే బళ్ల ఇంజిన్లు ఆగుతాయి, పల్లీల బుట్ట కదులుతుంది. స్కూటర్ వంచి కిందనుంచి దూరే వీరులకు మాత్రం ఏ గేటూ ఎన్నడూ పడదు.

‘గేట్లు ఎత్తారు’ అంటే హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడాలని ఈసీ నది మీద కట్టిన ఈ జలాశయం 1927లో పూర్తయింది. పూర్తి నీటిమట్టం 1,763.50 అడుగులు. నీరు దానికి దగ్గరపడితే అధికారులు గేట్లు ఎత్తుతారు, జనం సెల్‌ఫోన్లు ఎత్తుతారు. రైలు గేటు లేస్తే ఉన్నవాళ్లు వెళ్లిపోతారు. ఈ గేటు లేస్తే లేనివాళ్లు వస్తారు.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలివచ్చాక ‘గేటు మారింది’ అన్నది కూడా స్థానిక ప్రయోగమైంది. బోర్డింగ్ గేటు పడదు, లేవదు. ప్రయాణికుణ్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తుంది. దేశీయ విమానాలకు దీన్ని సాధారణంగా బయలుదేరే వేళకు 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. ‘ఒక్క నిమిషం అన్నా’ అన్న మంత్రం ఇక్కడ పారదు. అద్దంలోంచి విమానం కనబడుతూనే ఉంటుంది, అసలు బాధ అదే.

ఎలక్ట్రానిక్స్‌లో గేటుకు తలుపే లేదు. అక్కడది వచ్చిన సంకేతాలు చూసి ఒక జవాబు చెప్పే చిన్న సర్క్యూట్. దాని తీరు తెలియాలంటే ఎయిర్‌పోర్టు ద్వారం దగ్గర నిలబడితే చాలు. టికెట్టూ ఉండాలి, గుర్తింపు కార్డూ ఉండాలి: ఇది ఆండ్ గేటు. ఆ కార్డు ఆధారైనా, ఓటరుదైనా, పాస్‌పోర్టయినా ఫర్వాలేదు: ఇది ఆర్ గేటు. వద్దన్నకొద్దీ సూట్‌కేసులో ఆవకాయ కుక్కే తల్లి నాట్ గేటు. ఒకే సంకేతం తీసుకుని తిరగేసి ఇస్తుంది.

ఈ గేట్ల మీద ప్రశ్నలు వచ్చే పరీక్ష పేరు కూడా గేటే. ఇంజినీరింగ్ పట్టభద్రులు ఎంటెక్ సీటు కోసం, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉద్యోగం కోసం రాస్తారు. ఈ గేటును ‘కొడతారు’ కూడా. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగే చుట్టాల దగ్గర ‘గేట్ రాశాడండీ’ అన్న జవాబు కూడా సుమారు అంతకాలమే చెల్లుతుంది.