పనస పలకలూ పండగ గారెలూ

పెరట్లో చెట్టు నిలబడి ఉన్నంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. పడిందంటే చాలు, చుట్టాలందరూ వడ్రంగులైపోతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి, పనస చెట్లకు అంతులేదు. తోటే బతుకుతెరువైన వాళ్ల నష్టం నవ్వుతూ చెప్పుకునేది కాదు, నేను దాని జోలికి వెళ్లను. నేను చెప్పబోయేది మా దొడ్లో పడిన ఒక్క పనసచెట్టు సంగతి. దాని కాయల మీద మాకంటే కోతులకే హక్కెక్కువ.

కరెంటు రాకముందే సలహాలొచ్చాయి. అమ్మ దేవుడి మందిరం చేయించమంది. ఫోన్లు పలకడం మొదలైన రోజే హైదరాబాదు నుంచి బావ ఉయ్యాలబల్ల అడిగాడు. పక్కింటి పెద్దాయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, పొయ్యిలోకి రెండేళ్లకు ఢోకా లేదన్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన మా చిన్నాన్న మాత్రం వీణ దగ్గర ఆగాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు పనసమొద్దులోంచే తొలుస్తారు, అది నిజమే. కుండ, దండి అన్నీ ఒకే మొద్దులోంచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. “మనింట్లో వాయించేదెవరు చిన్నాన్నా?” అంటే, “ముందు వీణంటూ ఉంటే వాయించేవాళ్లు వాళ్లే పుడతార్రా” అన్నాడు.

వడ్రంగి మేస్త్రీ ఇవన్నీ ఓపిగ్గా విని, “ఏది సేయించినా ముందు కోయించండి బాబూ. మొద్దు మొద్దులాగే పడుంటే బెరడు కింద పురుగు సేరిపోద్ది, కొసలు పగిలిపోతాయి. కోయించి, నీడన పేర్సీసి, మర్సిపోండి” అన్నాడు.

ఆ చివరి పని మా ఇంటావంటా లేదు.

కోతమిల్లులో దుంగ నడుముకి టేపు చుట్టారు. చుట్టుకొలత నాలుగడుగులు, పొడవు ఎనిమిది. చుట్టుకొలతలో నాలుగో వంతు ఒక అడుగు, అడుగుని అడుగుతో గుణించి పొడవుతో హెచ్చిస్తే 8 ఘనపుటడుగులని మిల్లాయన నోటిలెక్కతో తేల్చేశాడు. చిన్నాన్న “ఆగండాగండి” అన్నాడు. ఉద్యోగమంతా పిల్లలకు పై విలువ వల్లెవేయించిన మనిషి! నేల మీద రంపపు పొట్టులో వేలితో వృత్తం గీశాడు. నాలుగడుగుల చుట్టుకొలత ఉన్న వృత్తానికి వైశాల్యం 1.27 చదరపుటడుగులు, కాబట్టి దుంగ 10 ఘనపుటడుగుల పైమాటే. “ఐదో వంతుకి పైగా మింగేశారు!” అని మిల్లంతా వినపడేలా అన్నాడు. మిల్లాయన నొచ్చుకోలేదు. గుండ్రటి దుంగలోంచి పలకలు తీస్తే పక్కచెక్కలు పోతాయనీ, అందుకే ఇంగ్లీషువాళ్ల నాటి నుంచీ కలప వ్యాపారంలో ఈ లెక్కే నడుస్తోందనీ చెప్పాడు. “అయినా మాస్టారూ, మీ మాటే కానిద్దాం. కోత కూలి ఘనపుటడుక్కింత. ఎనిమిదికి తీసుకోమంటారా, పదికా?” చిన్నాన్న పొట్టులోని వృత్తాన్ని చెప్పుతో చెరిపేశాడు.

పచ్చి పనసని కోయడం చూడాలి. జిగట పాలు రంపపు పట్టీకి పట్టుకుంటాయి, మధ్యమధ్యలో ఆపి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తారు. పలక విడివడగానే లోపలంతా పసుప్పచ్చగా మెరుస్తుంది, గాలీ వెలుతురూ తగిలే కొద్దీ గోధుమరంగులోకి తిరుగుతుంది. బర్మా, థాయిలాండ్ వైపు బౌద్ధభిక్షువుల చీవరాలకు రంగు పనసచేవని ఉడకబెట్టి తీసేవారు. ఆ సంగతి తెలియకుండానే చిన్నాన్న తెల్లపంచె మిల్లు నుంచి సగం సన్యాసం పుచ్చుకుని ఇంటికొచ్చింది.

పేర్పు మేస్త్రీ దగ్గరుండి పెట్టించాడు. వెనకవైపు నీడలో, గాలి ఆడే చోట, నేలకి అడుగెత్తున సిమెంటు ఇటుకలు సమంగా పరిచారు. వాటి మీద ఒక వరస పలకలు, పైన అడ్డంగా అంగుళం మందం బద్దలు, మళ్లీ పలకలు, మళ్లీ బద్దలు. బద్దకీ బద్దకీ అడుగున్నర ఎడం ఉండాలి, కింది బద్ద మీదే పై బద్ద నిటారుగా కూర్చోవాలి, ఒకటి పక్కకి జరిగితే అక్కడ పలక నడుం వంగుతుంది. కొసలకి రంగు పూయాలి. పక్కల కంటే కొసల్లోంచి నీళ్లు పది రెట్లకు పైగా వేగంగా పోతాయి, అందుకే పగుళ్లు అక్కడే మొదలవుతాయి. గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు ఆ కొసలకి దక్కింది. పైన వానకి రేకు, రేకు మీద బరువు. బరువుగా మా రుబ్బురోలుని ఎక్కించారు. మిక్సీ వచ్చాక దానికి దొరికిన మొదటి ఉద్యోగం అది.

బరువెందుకని చిన్నాన్న అడిగాడు, మేస్త్రీ బదులు నేనే చెప్పాను. పచ్చి కలపలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి, కణాల బోలులో కొన్ని, కణాల గోడల్లో కొన్ని. బోలులో నీళ్లు పోయినంతకాలం పలక బరువు తగ్గుతుందే తప్ప ఒళ్లు తగ్గదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడలు ఆరడం మొదలవుతుంది, అసలు ముడుచుకోవడం అప్పుడే. అది కూడా అన్ని వైపులా ఒకలా ఉండదు. చేవ నుంచి బెరడు వైపు ఎంత ముడుచుకుంటుందో, వలయాల వెంబడి దానికి దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది. పొడవు మాత్రం తగ్గీ తగ్గనట్టే. ఈ తేడాల వల్లే పలక మెలితిరగాలని చూస్తుంది, బరువు పడనివ్వదు. అంతా విని చిన్నాన్న, “అంటే 30 శాతం దాకా మనం ఖాళీయే కదా” అన్నాడు.

ఖాళీగా ఉంటే కదా! వచ్చినప్పుడల్లా పక్క నుంచి ఒక పలక లాగడం, వేలి కణుపుతో తట్టడం, “ఇంకా పచ్చే” అని తీర్పు చెప్పి బద్ద లేకుండా లోపలికి తోసేయడం. అమ్మకి రేకు మీద ఎండ బాగా కనిపించింది, గుమ్మడి వడియాలు అక్కడికి చేరాయి. వడియాల కోసం కాకులు, కాకుల్ని తోలడానికి పక్కింటి మనవలు, మనవల చేతికి కర్ర కావాలి కాబట్టి ఓ బద్ద. తెల్లచెక్కలో పురుగు చేరుతుందేమోనని నేను సన్నపొడి రాలిందా అని వెతుకుతుంటాను, కనిపించేది వడియాల నూక. పిల్లి కూడా ఇటుకల మధ్య పురుడు పోసుకుంది గానీ, ఒక్క బద్ద కూడా కదపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక సంక్రాంతి. భోగిమంటకి దుంగలెత్తుకెళ్లడం మా వైపు కుర్రాళ్లకు దొంగతనం కిందికి రాదు. ముందురోజు రాత్రి దుప్పటి కప్పుకుని పేర్పు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్రాళ్లు వచ్చారు, మర్యాదగా పలకరించారు. “అబ్బే, పలకలు ముట్టుకోం అన్నా” అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. తెల్లారి చూస్తే అటు చివరన బయటికి పొడుచుకొచ్చిన బద్దలు లేవు, మంటలో ఆకుపచ్చ రంగు అంటిన ముక్కలు చిటపటమంటున్నాయి.

భోగి బద్దల్ని తీసుకెళితే కనుమ బరువుని దింపింది. కనుమనాడు మినుము తినకపోతే ఎలా? చుట్టాలంతా దిగారు, మిక్సీలో రుబ్బిన పిండితో గారె గుల్లబారదని పెద్దమ్మ తేల్చేసింది. “ఇంట్లో రోలు పెట్టుకుని మిక్సీ ఏటే?” అని అమ్మని నిలదీసింది. బావా, నేనూ, మరో ఇద్దరూ కలిసి రోలు దించాం. “అమ్మా, పలకలు వంగుతాయి” అన్నాను. “ఒరే, పలకలు తింటావా, గారెలు తింటావా?” అంది. గారెలే తిన్నాను, అద్భుతంగా ఉన్నాయి. రోలు మళ్లీ పైకెక్కలేదు, దించిన నలుగుర్లో ముగ్గురు ముక్కనుమ మర్నాడే బస్సెక్కేశారు మరి. పొడిగాలి కాలం కాబట్టి పలకలు మా కోసం ఆగలేదు, పై రెండూ దోనెలా వంగాయి. మేస్త్రీ వచ్చి, వాటిని ఒంటికన్ను మూసి చూసి, అమ్మ పెట్టిన గారె తుంచి నోట్లో వేసుకున్నాడు. “పిండి బాగా రుబ్బినారమ్మా” అని, నా వైపు తిరిగి, “సిత్రిక పడితే సరిపోద్ది. అంగుళంన్నర కాస్తా అంగుళమైపోద్ది, అంతే” అన్నాడు.

అంగుళం మందానికి ఏడాది ఎండాలని చెప్పుకునే లెక్క చలిదేశాలది. మా ఎండకి అంత పట్టదు గానీ, వానాకాలంలో సముద్రపు గాలి పోయిన తేమలో కొంత తిరిగిచ్చేస్తుంది. కలప గాలితో రాజీపడి ఒకచోట ఆగుతుంది, ఎన్నేళ్లుంచినా అంతకంటే ఎండదు. బావ ఏసీ గదిలోకి వెళితే మళ్లీ కాస్త ముడుచుకుంటుంది. ఆగిందో లేదో తెలియాలంటే పలకలోంచి కోసిన ముక్కని పేర్పులోనే ఉంచి, అప్పుడప్పుడూ తూచి చూడాలి. మా వీధిలో జీడిపప్పు తూచే కాటా ఉంది, గ్రాములతో సహా చూపిస్తుంది. ఆ ముక్క పట్టుకుని నేను కొట్టు మెట్లెక్కగానే అక్కడ పప్పు ఏరే ఆడవాళ్లు పని ఆపి, “ఇయ్యాల ఎంత తగ్గినాడు?” అని అడిగేవారు.

తగ్గడం ఆగింది. మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. మందిరం, ఉయ్యాల, వీణ అన్నీ మళ్లీ పంచాయితీకొచ్చాయి. అమ్మ అందరి మాటా కొట్టేసింది. “అయ్యన్నీ తరవాత. ఈ పేర్పు తీసేస్తే నా వడియాలు ఎక్కడ పెట్టుకోవాల?”

ఇప్పుడు వెనకవైపు అదే చోట, అదే ఎత్తున, నాలుగు కాళ్ల పనస బల్ల ఉంది. దాని మీద అదే రేకు. మిగిలిన మూడు పలకల్నీ చిన్నాన్న వచ్చినప్పుడల్లా వేలి కణుపుతో తడుతున్నాడు. పచ్చి వదిలిందట, ఇప్పుడు శ్రుతిలో ఉన్నాయట.