రాని ఆటకే రతనాల హారతి

2022 మే నెలలో 2001 నాటి 'డ్యూక్ న్యూకెం ఫరెవర్' అను వీడియో ఆట అసంపూర్ణ ప్రతి బయటపడినది మొదలు, దానికి ప్రాణప్రతిష్ఠ చేసి తీరెదమని దీక్ష పూనిన భక్తబృందమును చూచి పరవశింపనివాడు పాషాణహృదయుడు గాక మరియేమి? ఆట 2011 జూన్‌లోనే విడుదలయినది గదా, కొన్నవారు ఆడి తల పట్టుకొన్నారు గదా, ఇంకను దేనిని బ్రతికింతురని అడుగుట కేవలము అరసికత. వచ్చినది అది కాదట. రావలసినది వేరొకటి యున్నదట. "అసలు ఆట 2001దే బాబాయ్, తర్వాత వచ్చింది నకిలీ" అని మా అన్నగారి కుమారుడు నాకు విశదపరచినాడు. ఆ యేటికి వాడింకను పుట్టలేదు.

చచ్చినవాని కండ్లు చారెడని మనవారు ఊరక అనలేదు. బయటపడిన ప్రతిలో ఆడదగిన ఆటయే లేదనియు, దాదాపు శూన్యముగా నున్న ప్రయోగ రంగములు కొన్ని మాత్రమే కలవనియు నాటి నిర్మాత జార్జ్ బ్రూసార్డే చెప్పినను వినువారెవ్వరు? శూన్యమున్నచోటనే గదా ఊహకు కావలసినంత విడిది!

ఈ మహిమకంతకును మూలము టెక్సాస్‌లోని గార్లండ్ పట్టణమున త్రీడీ రెల్మ్స్‌వారు కనిపెట్టిన విడుదల తేది. 1997లో ఆటను ప్రకటించి, ఎప్పుడు వచ్చునని అడిగిన ప్రతివానికిని వారు "పూర్తి అయినప్పుడు" అని బదులు చెప్పుచు వచ్చినారు. దీనిని సామాన్య వాక్యముగా తలపరాదు. నవ్యన్యాయమును ఆపోశనము పట్టిన తార్కికుడు సైతము దీనిని ఖండింపజాలడు. తేది చెప్పినవాడు తేది తప్పును; చెప్పనేచెప్పనివాడు దేనిని తప్పును? ఆలస్యమయినదని నిందించుటకు సకాలమనునది యొకటి ముందుండవలెను గదా!

ఆ వాక్యపు చల్లని నీడలో ఎన్ని ఘనకార్యములు జరిగినవి! ఆటను నడిపించు సాఫ్ట్‌వేరుగా క్వేక్ 2 ఇంజను కొని, ఏడాది తిరిగినదో లేదో దానిని విడిచి, 1998లో అన్‌రియల్ ఇంజనుకు మారిరి. పూర్తి కాలేదు గనుక తప్పు లేదు. 2001లో ఒక ట్రైలరు చూపి లోకమును ఉర్రూతలూపి, మరల తలుపులు బిగించుకొనిరి. పూర్తి కాలేదు గనుక తప్పు లేదు. ప్రకటింపబడియు రాని సరకుల జాబితాలో దీనికి పీఠము వేసి వేసి విసిగిన వైర్డ్ పత్రికవారు 2003లో ఏకముగా జీవితసాఫల్య పురస్కారమే సమర్పించిరి.

ప్రకటననాడు 10 ఏండ్ల బాలుడయినవాడు విడుదలనాటికి 24 ఏండ్లవాడై, ఉద్యోగము చేయుచు, ఆడుటకు తీరిక లేనివాడయినాడు. అతడు తొందరపడి ఎదిగినందులకు త్రీడీ రెల్మ్స్‌వారేమి చేయుదురు?

ఇక నవ్వు చాలును. 2009 మే నెలలో ధనము నిండుకొని, ఆ ఆటకై పనిచేయుచున్న వారిని ఇంటికి పంపినారు. తేది చెప్పక తప్పించుకొన్నవారు వేరు, ఆ తేది లేని చాకిరిలో యౌవనము కరగించుకొన్నవారు వేరు. ఆ పోయినవారిలో కొందరు ట్రిప్టిక్ అను పేరున కూడి, తమ తమ ఇండ్లనుండియే ఆ పనిని సాగించినారు. ఈ కథ మొత్తములో నేను నమస్కరింపదగినవారు వారొక్కరే. తరువాత 2010లో హక్కులు కొన్న గేర్‌బాక్స్‌వారు చేసినదేమి? బోర్డర్‌లాండ్స్ అను తమ వేరొక ఆట ప్రత్యేక ప్రతిని కొన్నచో, దీని డెమోను ముందుగా రుచిచూచు క్లబ్బులో సభ్యత్వమిచ్చెదమనిరి! పదమూడేండ్లు కాచుకొన్నవానిని మరియొక సరకు కొనిపించి వరుసలో నిలబెట్టుట! మే 3 అని చెప్పిన విడుదలను జూన్‌కు జరిపి, ఆ జరుపుటనే హాస్యపు వీడియోగా చిత్రించి వదలిరి. ఎదుటివాని ఓర్పును దోచుకొని, అతని ముఖము మీదనే నవ్వుట సిగ్గుమాలినతనము. దానికి వేరు పేరు నేను వెదకను.

ఇప్పుడీ పునరుద్ధరణము. జీతములిచ్చి ఒక సంస్థ 12 ఏండ్లు చేయించియు ముగింపలేకపోయిన దానిని, జీతము లేకయే రాత్రులు మేల్కొని ముగించుటకు అభిమానులు నడుము కట్టినారు; హక్కులు మాత్రము హక్కుదారులవే. వీరి కౌశలమును నేను కాదనను. అంతటి నేర్పు గలవారు తమదే యైన క్రొత్త ఆట నొకదానిని కట్టుకొనరాదా అని అడుగబోయి, మా వాని ముఖము చూచి ఊరకుంటిని. మన దేశమందు వెట్టిచాకిరిని 1976లో చట్టము రద్దు చేసినది. పిలువకయే వచ్చి చేయువారి సంగతి అందులో వ్రాయలేదు.