వెన్నదినం, వేపుడుదినం

'అవర్' అనే ఇంగ్లీషు మాట మన 'హోర' నుంచి పుట్టిందట. వాటికన్ మన వాటికేనట. క్రిస్టియానిటీ కృష్ణనీతి అట. ఈ చివరి రెండూ, లోకమంతా మన నుంచే పుట్టిందని పుస్తకాలు రాసిన పి.ఎన్.ఓక్ గారి సరుకు. ఆయన 2007లో పోయారు గానీ దుకాణం మాత్రం మూతపడలేదు. వాట్సాప్‌లో రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది.

ఈ శాస్త్రంలో సుఖమేమిటంటే వ్యాకరణం అక్కర్లేదు, నిఘంటువు అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. ఆ లెక్కన వెన్స్‌డే అంటే చిన్నికృష్ణుడు వెన్న దొంగిలించిన దినం. ఫ్రైడే అంటే విరాటుడి వంటింట్లో భీముడు వేపుళ్లు దించిన దినం. రెండూ ఇప్పుడే కనిపెట్టాను. రేపటికి మీ ఫోన్‌కే వస్తాయి, 'నాసా కూడా ఒప్పుకుంది' అన్న తోకతో సహా. పాపం వోడెన్, ఫ్రిగ్ అనే జర్మానిక్ దేవతలు ఆ రోజులకు పేర్లిచ్చి ఊరకే నష్టపోయారు.

పేర్ల సంగతి సరే, వారాల వరుసైనా మన సొంతమే అంటారా? లెక్క వేద్దాం. భూమికి దూరం నుంచి దగ్గరకు పాతవాళ్లు అనుకున్న వరుస ఇది: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరు చొప్పున ఏలితే, శనివారం గడిచాక 25వ గంట రవిది. తొలి గంట ఎవరిదో రోజు వారిదే, అందుకే మర్నాడు ఆదివారం. అంటే రోజుకు 24 భాగాలుండాలి. మన పాత లెక్క అరవై ఘడియలు. ఘడియకొకరిని కూర్చోబెట్టి చూడండి, అరవై ఒకటోది శుక్రుడికి దక్కుతుంది. శనివారం మర్నాడు మళ్లీ శుక్రవారం!

వేదాంగ జ్యోతిషంలో తిథులున్నాయి, నక్షత్రాలున్నాయి, వారాలు లేవు. తేదీతో పాటు వారం పేరు కూడా ఉన్న మన తొలి శాసనాల్లో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది. అది 484 నాటిది, గురువారం.

ఇక హోర. అహోరాత్రంలో తలా తోకా కోస్తే హోర వస్తుందని కొందరు అంటారని ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు రాసిపెట్టాడు. కోత విద్య అంత పాతదన్నమాట. నిజానికి హోరా గ్రీకు మాట, మనం రోజూ వాడే కేంద్రమూ అక్కణ్నుంచి వచ్చిందే. ఆ వరాహమిహిరుడే, యవనులు (అంటే గ్రీకులు) మ్లేచ్ఛులైనా జ్యోతిషశాస్త్రం వాళ్ల దగ్గర బాగా కుదురుకుంది కాబట్టి వాళ్లు ఋషుల్లా పూజ్యులేనన్నాడు. ఆయనకు లేని నామోషీ వీళ్లకెందుకో!