పదకొండో వచనానికి ముందు

నేను తెలుగు బైబిలును. లోపల ఉల్లిపొర కాగితం, పైన నల్ల అట్ట. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. మా వంశం తెలుగులో అచ్చుకెక్కడం అంత తేలిగ్గా జరగలేదు. 18వ శతాబ్దంలోనే మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసినా ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూర్‌లో వెలువడింది. నా కాపురం మాత్రం ఉస్మానియా హాస్టల్లో, ఒక ఎం.ఏ. కుర్రాడి దిండు పక్కన. అటు ఇండియన్ పాలిటీ, ఇటు తెలంగాణ చరిత్ర.

డిసెంబరు 31 రాత్రి తార్నాక వైపు చర్చిలో ఆరాధన ముగిశాక పళ్లెంలోంచి వాగ్దానం కార్డు తీశాడు. యిర్మీయా 29:11. దేవుడు తలపెట్టింది మేలే, ముందుకాలం మీద ఆశ పెట్టుకోవచ్చని చెప్పే వచనం. "ఈ ఏడాది జాబ్ పక్కా రా!" అన్నాడు రూమ్మేట్‌తో.

ఈ కార్డులంటే నాకు చిరాకు. చిలక తీసిన చీటీకీ దీనికీ తేడా ఏముంది? పదకొండుకు ముందు పదో వచనం ఉంది. డెబ్బై ఏళ్లు గడవాలంటుంది. దాన్ని కార్డు మీద ఎవరు వేస్తారు? అసలది బబులోనుకు చెరపోయిన వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. త్వరగా ఇంటికెళ్తారని ఊరించే ప్రవక్తలను నమ్మకండి, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఉన్న పట్టణం బాగు కోరండి అని చెబుతుంది. నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు కాచుకునే క్యాంపస్‌కి ఇంతకన్నా పనికొచ్చే ఉత్తరం నాలో లేదు.

1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సంస్థ యూఈఎస్‌ఐని పిల్లలు ఈయూ అంటారు. అందులో సీనియర్ ఒకాయన కార్డు చూసి, "వచనం కాదు తమ్ముడూ, అధ్యాయం మొత్తం చదువు" అన్నాడు. అప్పట్నుంచీ రోజూ తేదీని బట్టి సామెతల్లో ఒక అధ్యాయం (31 ఉన్నాయి, 31 రోజుల నెలకు సరిగ్గా సరిపోతాయి), దాంతోపాటు పాత నిబంధనలోనే ఇంకొంత.

తార్నాకలో డిజర్టేషన్ టైపు చేసిపెట్టిన ఆమెకు "సోమవారం ఇస్తా అక్కా" అని చెప్పొచ్చాడు. ఆ రాత్రి ద్వితీయోపదేశకాండం 24 వచ్చింది. కూలివాడి డబ్బు పొద్దుగూకేలోపు ఇచ్చెయ్యాలట. డబ్బు జేబులోనే ఉంది, సినిమాకని దాచింది. తెల్లారి షాపు షట్టర్ లేవకముందే వెళ్లి నిలబడ్డాడు. నన్ను కళ్లకద్దుకునేవాళ్లు బోలెడుమంది, ఇలా మాట వినేవాళ్లు తక్కువ.

రూమ్మేట్ విద్యార్థి సంఘం మనిషి, దేవుడి గొడవ లేనివాడు. ఒకసారి నన్ను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద తిరగేస్తూ ఆమోసు 8 దగ్గర ఆగాడు. దొంగ తూకాలతో పేదల నోరుకొట్టే వ్యాపారుల మీద విరుచుకుపడే భాగమది. "ఇది మా కరపత్రమే కదరా!" అన్నాడు.

అతనే బండి లోనుకు హామీ సంతకం అడిగాడు. ఇక్కడ నా పేజీలే నన్ను ఇరుకున పెట్టాయి. సామెతలు 22 హామీ ఉండొద్దంటుంది, పడుకున్న పరుపు కూడా లాక్కుపోతారని భయపెడుతుంది. మత్తయి 5 అడిగినవాడికి ఇమ్మంటుంది. కుర్రాడు రెండూ తిప్పి తిప్పి చదివాడు. సంతకం పెట్టలేదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన మూడు వేలు చేతిలో పెట్టి, "తిరిగివ్వక్కర్లేదు రా" అన్నాడు. రూమ్మేట్ డబ్బు తీసుకున్నాడు, సంతకం పెట్టనందుకు కొన్నాళ్లు ముఖం చాటేశాడు. ఆ నెల మెస్ బిల్లు ఆలస్యమైంది.